కనబడని రఫ్ఫు

హోటల్ ఫ్రాన్సిస్కా, వియన్నా
3 అక్టోబరు 1968, గురువారం

పోల్డీ,

నేను బతికే ఉన్నాను. నువ్వూ బతికే ఉండాలి, లేకపోతే ఈపాటికి ఎవరో ఒకరు నల్ల అంచు కవరు పంపేవారు. ఆరేళ్ళుగా క్రిస్మస్‌కి ఒక కార్డు, దాని మీద ఒక సంతకం తప్ప మన మధ్య ఉత్తరాలు లేవు కదా, ఇదేమిటి అని కంగారు పడకు. కాగితం పైన అచ్చు వేసిన కిరీటం చూడు. దాన్ని ఎవరికైనా చూపించుకోవాలి, నాకేమో నువ్వు తప్ప ఎవరూ లేరు.

అవును, ఆ హోటల్‌లోనే ఉన్నాను. ముందు వైపున. ఆడవాళ్ళ వారపత్రిక గళ్ళనుడికట్టులో మొదటి బహుమతి నాకొచ్చింది. ఇద్దరికి పది రాత్రులు బస. కార్ల్ పోయి నాలుగేళ్ళయింది కనుక ఇద్దరిలో ఒకరు నేను, రెండోది ఖాళీ మంచం. స్నానాల తొట్టిలో మన వీధి మొత్తం ఒకేసారి మునగొచ్చు. పైకప్పు మీద పదకొండు మంది దేవదూతలున్నారు, నేను మేజోళ్ళు విప్పుతుంటే ఒక్కడూ తల తిప్పుకోడు.

ఒక చిన్న విషయం. నిన్న కాఫీతో పాటు గ్లాసుడు నీళ్ళు పెట్టలేదని వెనక్కి పంపేశాను. అంతే, ముందు హాల్లో రిజిస్టరు చూసే హోలుబ్ అనే పెద్దమనిషి నేనెవరో తేల్చేసుకున్నాడు. అప్పటి నుంచి "మీ చేతికి ముద్దు, సలహాదారమ్మగారూ" అంటున్నాడు. చక్రవర్తి పోయి యాభై ఏళ్ళయినా ఈ ఊళ్ళో ఆస్థాన సలహాదారులకి కొదవలేదు, వాళ్ళ భార్యలకి అసలే లేదు. కాదని చెబితే ఆయన నొచ్చుకుంటాడేమోనని ఊరుకున్నాను. కాబట్టి నువ్వు జవాబు రాస్తే కవరు మీద "ఆస్థాన సలహాదారు గారి సతీమణి" అని రాయి. ఒక్క ముక్క రాసినంత మాత్రాన నీ చెయ్యి అరిగిపోదు.

ఇక అసలు సంగతి. అమ్మకి సూపు క్యారేజీ పట్టుకొని మనిద్దరం వెనక సందులోకి వచ్చేవాళ్ళం, గుర్తుందా? ముందు తలుపు దగ్గర బంగారు గుండీలవాడు మనల్ని పిల్లుల్ని తరిమినట్టు తరిమేవాడు. బట్టల గదిలో ముప్ఫై ఒక్క ఏళ్ళు చిరుగులు రఫ్ఫు చేసిన మనిషి ఒక్కసారి కూడా ఆ తలుపులోంచి రాలేదు. "మీరిద్దరూ ఒక రోజు ముందు నుంచి రండే, నేను చూడకపోయినా ఫరవాలేదు" అనేది. ఇద్దరూ అన్నది, నేను విన్నాను.

పన్నెండో తారీఖు మధ్యాహ్నం దాకా గది మనది. ఇది పిలుపు కాదు, సమాచారం మాత్రమే.

చుట్టరికానికి నీ అక్క,
హెర్మీనె


ష్టైర్
5 అక్టోబరు

మహారాజశ్రీ ఆస్థాన సలహాదారమ్మగారి పాదపద్మాలకు, ష్టైర్‌లో గుండీలు, దారాలు అమ్ముకునే పోల్డి నేల మీద సాష్టాంగపడి రాసుకున్నది:

తమరి కిరీటం ముట్టింది. కొట్లో బల్ల మీద పెట్టాను. ఇద్దరు అడిగారు, మా అక్క తెలివైనదని చెప్పాను, ముగ్గురం నవ్వుకున్నాం. నీకు గళ్ళనుడికట్టు పూర్తి చెయ్యడం ఎప్పుడొచ్చింది? చిన్నప్పుడు ఖాళీ గడుల్లో నీ పేరు రాసేదానివి.

బావ ముప్ఫై ఎనిమిదో నంబరు ట్రామ్ నడిపాడు. ఆయన జన్మలో ఎవరికైనా సలహా ఇచ్చి ఉంటే అది "లోపలికి జరగండి" అన్నదొక్కటే. మంచి మనిషి, ఆయన పేరు చెప్పుకుంటే నీకు తక్కువేం కాదు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందని వినడమే గానీ, ఎగిరి అక్కడ కాఫీతో నీళ్ళ గ్లాసు లేదని పేచీ పెట్టిందని ఇప్పుడే వింటున్నాను. కవరు మీద నిజమే రాశాను. చూసే ఉంటావు.

ఖాళీ మంచం సంగతి. నేను రాను. ఎందుకు రానో నీకూ తెలుసు, నీ వార్డ్‌రోబ్‌కీ తెలుసు.

నువ్వు కాగితం మీద పెట్టడానికి సిగ్గుపడ్డావు కనుక నేనే పెడుతున్నాను. అమ్మ కుట్టుపెట్టె. వాల్‌నట్ చెక్కది, లోపల వెండి వేలితొడుగు, రంగు రంగుల దారపు ఉండలు. పోవడానికి ముందు ఏడాది శరదృతువులో కళ్ళు చూపించుకుంటానని అమ్మ వియన్నాకి నీ దగ్గరికొచ్చింది. టోపీ డబ్బాలో ఆ పెట్టె సర్దుకోవడం ఈ కళ్ళతో చూశాను. తిరిగొచ్చాక డబ్బాలో టోపీ కూడా లేదు. అంత్యక్రియల నాడు నువ్వు నా బీరువాలన్నీ తెరిచి వెతికావు చూడు, ఆ నటన ముందు మీ ఒపేరా వాళ్ళు దిగదుడుపే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు.

అమ్మని రెండేళ్ళు నేను చూసుకున్నాను. నాకు పెట్టె అక్కర్లేదు. "నా దగ్గరే ఉంది" అని నువ్వొక్క మాట అంటే చాలు.

చెల్లెలు (నిజం చుట్టం),
పోల్డి


హోటల్ ఫ్రాన్సిస్కా
7 అక్టోబరు, పొద్దున

పోల్డీ,

నీ కవరు వచ్చింది. "హెర్మీనె స్వోబోదా, ట్రామ్ డ్రైవరు కార్ల్ గారి భార్య" అని కొట్టు బోర్డంత అక్షరాలతో. హోలుబ్ దాన్ని వెండి పళ్ళెంలో పెట్టి తెచ్చాడు. కవరు చూశాడు, నన్ను చూశాడు. "సలహాదారమ్మగారూ, ఎవరో ట్రామ్ ఆయన ఇల్లాలికి ఉత్తరం వచ్చిందండి. మీకు తెలిసినావిడైతే కాస్త అందజేస్తారా?" అన్నాడు. అందజేస్తానన్నాను. అందజేశాను. ఆవిడ చదివి గంటసేపు ఆ మంచం మీద కూర్చుంది.

ఇప్పుడు నేను చెప్పేది విను. అమ్మ టోపీ డబ్బాతో వచ్చింది, అదే డబ్బాతో వెళ్ళింది. రైల్లో పై అరలో పెట్టింది నేనే. లోపల పెట్టె ఉందనుకున్నాను. అంటే ష్టైర్‌లో దిగింది, నీ ఇంటికే వచ్చింది. నేను బీరువాలు తెరవడం నటన కాదు పోల్డీ, వెతకడం. నువ్వు ఎక్కడో దాచి, కన్నీళ్ళు తుడుచుకుంటూ నా వైపు చూస్తున్నావని ఆరేళ్ళుగా అనుకుంటున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను. అమ్మని చూసుకున్నందుకు పెట్టె నీకే చెందుతుంది, ఆ మాట అప్పుడే అనేదాన్ని. దాచావు, అదీ నా బాధ.

ఉడికించిన గొడ్డుమాంసం ఇక్కడ బాగానే చేస్తారు, యాపిల్ పచ్చడి మాత్రం అమ్మ చేసినంత కారంగా లేదు. ఒక్కదాన్నే తింటున్నాను. పక్క బల్లవాళ్ళు నేను గర్విష్టినని గుసగుసలాడుకుంటున్నారు, మాట్లాడేందుకు ఎదురుగా మనిషి లేకపోతే ఎవరైనా గర్విష్టిలాగే కనబడతారు.

హెర్మీనె

తా.క. ఇంత పేరున్న హోటల్‌లో ఈ రోజు నా గదిలో పలహారం బల్ల మీద రఫ్ఫు చేసిన గుడ్డ పరిచారు! అరచేతి వెడల్పు చిరుగు, దాని మీద రఫ్ఫు. పనమ్మాయి వంగి చూసి "ఎక్కడండీ? నాకేం కనబళ్ళేదే" అంటుంది. వేలు పెట్టి చూపించాను. వెనక్కి పట్టుకుపొమ్మన్నాను. బట్టల గది పెద్దావిడే వచ్చి సంజాయిషీ చెప్పుకోవాలన్నాను. నాలుగింటికి వస్తుందట. సలహాదారమ్మ అన్నాక ఆ మాత్రం ఉండాలి కదా.


ష్టైర్
8 అక్టోబరు (కార్డు)

అక్కా, కార్డు మీదే రాస్తున్నాను, మీ హోలుబ్ కూడా చదువుకోవచ్చు. డబ్బా ఖాళీగా వచ్చింది. నీ మాట నమ్మాలంటే పెట్టె రైల్లోంచి దానంతట అదే దూకి ఉండాలి. ఇక ఆ గుడ్డ సంగతి. పనమ్మాయికి కనబడని రఫ్ఫు నీకు కనబడిందా? తిరగేసి చూశావా? చూసుండవు, ముందే గంట కొట్టి ఉంటావు. పోల్డి.


హోటల్ ఫ్రాన్సిస్కా
8 అక్టోబరు

పోల్డీ,

నీ జవాబు ఇంకా రాలేదు, వచ్చినా ఏముంటుందో నాకు తెలుసు. ముందు ఇది చదువు. నవ్వుతావో ఏడుస్తావో నీ ఇష్టం, నేను రెండూ చేశాను.

నిన్న సరిగ్గా నాలుగింటికి బట్టల గది పెద్దావిడ వచ్చింది. సెడ్లాచెక్ గారట, యాభై దాటి ఉంటాయి, గంజి పెట్టి ఇస్త్రీ చేసినట్టు నిటారుగా నిలబడింది. చేతిలో ఆ గుడ్డ. నేను కుర్చీలో వెనక్కి వాలి నా సలహాదారమ్మ గొంతు తీశాను.

"ఇలాంటి హోటల్‌లో అతుకుల గుడ్డలా?" అన్నాను.

"ఈ రఫ్ఫు వేసి ఇరవై రెండేళ్ళయిందమ్మా," అంది ఆవిడ. "దీని మీద మంత్రులు తిన్నారు, రాణులు తిన్నారు. ఒక్కళ్ళకీ కనబళ్ళేదు. మీకెలా కనబడింది?"

"నాకు కళ్ళున్నాయి."

"కళ్ళు అందరికీ ఉంటాయి. దీన్ని వెలుతురికి అడ్డంగా, పక్క నుంచి చూస్తేనే తెలుస్తుంది. అలా చూడటం ఒకళ్ళు నేర్పితే గానీ రాదు. మీకెవరు నేర్పారు?"

ఆవిడ గుడ్డ తిరగేసి నా ఒళ్ళో పెట్టింది. రఫ్ఫు చివర, గోరంత మేర, రెండు ఎర్ర పోగులు అడ్డంగా. బట్టల గదిలో ఎవరి పని వాళ్ళదని తెలియడానికి ఒక్కొక్కరూ తలో గుర్తు వేసేవారు కదా. ఆ ఎర్ర దారం ఉండ మన వంటింట్లో కిటికీ దగ్గర ఉండేది పోల్డీ. నువ్వే సూదికి ఎక్కించి ఇచ్చేదానివి.

అమ్మ పనిని నేను వెనక్కి పంపాను, అది కూడా పనమ్మాయి ముందు, గొంతు పెంచి.

"పెద్దదానివా, చిన్నదానివా?" అంది సెడ్లాచెక్ గారు. అమ్మగారూ లేదు, సలహాదారమ్మా లేదు. పెద్దదాన్నన్నాను. "అనుకున్నా. పెద్దదానికి నోరెక్కువ అని చెప్పింది మా గురువమ్మ" అని ఎదురు కుర్చీలో కూర్చుంది. అమ్మ దగ్గర పన్నెండేళ్ళు పని నేర్చుకుందట. నేను ట్రామ్ డ్రైవరు భార్యనని హోలుబ్‌కి మొదటి రోజే తెలుసని కూడా చెప్పింది, రిజిస్టర్‌లో నా చేతులతో నేనే రాశాను కదా. మరి సలహాదారమ్మ అని ఎందుకంటాడని అడిగితే, "అలా పిలిస్తే నువ్వు సంతోషంగా ఉన్నావు, ఆయనకి పోయేదేముంది?" అంది. ఆరు రోజులుగా ఆయన ముందు నేను గొంతు సవరించుకున్న ప్రతిసారీ గుర్తొచ్చి చెవులు కాలుతున్నాయి.

ఇప్పుడు కుదురుగా కూర్చో. కుట్టుపెట్టె ఆవిడ దగ్గరుంది. కళ్ళ డాక్టరు దగ్గరికి వచ్చినప్పుడు ఒక మధ్యాహ్నం అమ్మ ఒక్కతే గుడికెళ్ళి కొవ్వొత్తి వెలిగించి వస్తానంది, టోపీ డబ్బా పట్టుకొని. గుడికి డబ్బా ఎందుకని నేను అడగలేదు. ఇక్కడికే వచ్చిందట, వెనక సందులోంచి. "పెద్దదానికిస్తే చిన్నది చచ్చేదాకా మాట్లాడదు, చిన్నదానికిస్తే పెద్దది మాట్లాడదు. నీ దగ్గరుంచు. ఇద్దరూ కలిసి ముందు తలుపులోంచి వచ్చిన రోజు ఇవ్వు. ఒక్కతి వస్తే చూపించను కూడా చూపించొద్దు" అందట. దారిలో టోపీ కూడా ఎవరికో ఇచ్చేసి ఉంటుంది, అమ్మ సంగతి తెలుసుగా.

మనం పోట్లాడుకోకూడదని ఇంత తెలివిగా ఏర్పాటు చేసి, మనకి చెప్పడం మర్చిపోయి పోయింది. ఇద్దరికీ సమానంగా పంచింది, ఎవరికీ ఏమీ లేకుండా.

నాకు చూపించలేదు. బతిమాలాను. "గురువమ్మ మాట" అంది, అంతే. పన్నెండు మధ్యాహ్నం దాకా ఉంటాను. రావే.

హెర్మీనె


ష్టైర్
10 అక్టోబరు

అక్కా,

కథ చాలా బాగుంది. ఎర్ర పోగుల దగ్గర నాకు కూడా కళ్ళు చెమర్చాయి, తర్వాత తుడుచుకొని రెండోసారి చదివాను.

అరవై ఏళ్ళుగా నిన్ను ఎరుగుదును. ఒక్క రోజులో ఆస్థాన సలహాదారు భార్యవి అయినదానివి, ఒక బట్టల గది పెద్దావిడని పుట్టించలేవా? నీ దగ్గరున్న పెట్టెని ఆవిడ చేతిలో పెట్టి, నేను రాగానే "చూశావా, నేను దొంగని కాను" అని నాకు ఇప్పించడం నీకొక లెక్కా? నీకు చూపించను కూడా చూపించదట! ఎంత సౌకర్యం. నువ్వు చెప్పేదానికి సాక్షి నువ్వు, ఆ సాక్షికి పూచీ కూడా నువ్వే.

అమ్మ నా దగ్గర రెండేళ్ళుంది. రాత్రి మందులు నేను వేశాను, తల నేను దువ్వాను. ఒక్క ముక్క నాతో చెప్పకుండా పరాయి మనిషికి చెప్పిందంటే నేను నమ్మాలా? నమ్మితే అది ఇంకా కష్టం అక్కా, అది నీకు తట్టలేదు.

శనివారం పెళ్ళిగౌనొకటి ఉంది, వెనక వైపు అరవై గుండీలు, ఒక్కొక్కదానికీ గుడ్డ చుట్టాలి. కొట్టు మూయడం కుదరదు.

పోల్డి


హోటల్ ఫ్రాన్సిస్కా
11 అక్టోబరు, శుక్రవారం పొద్దున

పోల్డీ,

ఇది నీకు చేరేసరికి నేను గది ఖాళీ చేసేస్తాను. అయినా రాస్తున్నాను.

నువ్వన్నది నిజం, అది నాకు తట్టలేదు. అమ్మ నీతో చెప్పలేదంటే నీ మీద నమ్మకం లేక కాదు. నీతో చెబితే నువ్వు "అక్కకే ఇచ్చెయ్" అనేదానివి. నీకు రావలసినవన్నీ అలాగే నాకిచ్చేశావు. పెద్ద గది, నీలం కోటు, వియన్నా. అమ్మకి అది తెలుసు. నాకు ఈ వారం తెలిసింది, అది కూడా పెద్ద మంచం మీద నిద్రపట్టక.

నువ్వు దొంగవని ఆరేళ్ళు అనుకున్నాను. నా చెల్లెలు దొంగ అనుకోవడం నాకు ఒంటరిగా ఉండటం కంటే తేలికైంది. తప్పు చేశాను. పెట్టె సెడ్లాచెక్ గారి దగ్గరే ఉండిపోనీ. నాకు పెట్టె వద్దు, నువ్వు కావాలి. వచ్చే నెలలో ష్టైర్‌కి వస్తాను. తలుపు తియ్యకపోతే నీ కొట్టుకి వచ్చి గుండీలు కొంటాను.

అక్క


హోటల్ ఫ్రాన్సిస్కా, కింద బట్టల గది
11 అక్టోబరు, మధ్యాహ్నం మూడు
(బట్టలు ఉతకడానికిచ్చే చీటీ మీద)

అక్కా,

కంగారు పడకు, కిందే ఉన్నాను. పెళ్ళిగౌను పక్కింటామెకి అప్పగించి పొద్దున రైలెక్కాను. నిన్ను నమ్మి కాదు, నీ అబద్ధాన్ని అది ఆడిన చోటే పట్టుకోవాలని. నీకు తెలియకుండా నేరుగా బట్టల గదికి వెళ్ళి, అలాంటి మనిషి ఇక్కడ లేదని చెప్పించుకొని, వెళ్ళేముందు నీ తలుపు కింద ఒక చీటీ తోసిపోదామనుకున్నాను. చీటీ రైల్లోనే రాసేశాను. చాలా బాగా వచ్చింది, పాపం వృథా అయింది.

సెడ్లాచెక్ గారు ఉన్నారు. నేను నోరు విప్పకముందే నా వేళ్ళ మీద సూది పోట్లు చూసి "చిన్నదానివా?" అంది. పెట్టె పై అరలో ఉంది. చూపించకూడదట గానీ నేను చూసేశాను. మూత మీద నువ్వు ఇస్త్రీపెట్టె పెట్టి కాల్చిన మచ్చ అలాగే ఉంది. చెయ్యి చాపాను. ఇవ్వదట! "నువ్వు వెనక సందులోంచి వచ్చావు. మీ అమ్మ చెప్పింది ముందు తలుపు. పైగా ఒక్కతివే వచ్చావు" అంటుంది. నిజమే, ఎలా వచ్చానో నాకే తెలీదు. స్టేషన్‌లో దిగాక కాళ్ళు వాటంతటవే సందులోకి నడిచాయి. సూపు క్యారేజీ ఒక్కటే తక్కువ.

నువ్వు తియ్యలేదు. ఆరేళ్ళు తీశావన్నాను. తప్పు. ఇంతకంటే రాయడానికి ఇక్కడ చోటు లేదు, చొక్కాలు, మేజోళ్ళు, రుమాళ్ళు అని గళ్ళు అడ్డొస్తున్నాయి.

ఇప్పుడేం చెయ్యాలి? పైకి రావాలంటే పనివాళ్ళ మెట్లే ఉన్నాయి ఇక్కడ.

పోల్డి


(అదే చీటీ వెనక)

పోల్డీ,

ఆ మెట్లెక్కావంటే చంపేస్తాను. వచ్చిన దారినే వెనక్కి వెళ్ళు, సందులోంచి తిరిగి ముందు వైపు రోడ్డు మీద దీపస్తంభం దగ్గర నిలబడు. నేను మెట్లు దిగి ముందు తలుపులోంచి బయటికొస్తాను. ఇద్దరం కలిసి మళ్ళీ లోపలికొద్దాం. సెడ్లాచెక్ గారిని హాల్లోకొచ్చి నిలబడమను, తర్వాత ఆవిడ నాకు తెలీదు, నేను చూడలేదు అంటే ఒప్పుకోను.

పొద్దున నీకొక ఉత్తరం పోస్టు చేశాను. ఇంటికెళ్ళాక చదవకుండా చింపెయ్. అందులో ఒక్క వెటకారం కూడా లేదు, నాకు సిగ్గుగా ఉంది.

నీ పక్కన నన్ను చూడగానే హోలుబ్ లేచి నిలబడి "ఈ అమ్మగారెవరండీ, సలహాదారమ్మగారూ?" అంటాడు. నీకూ ఏదో ఒక బిరుదు తగిలించడానికి సిద్ధంగా ఉంటాడు. నువ్వు మాట్లాడకు. పెద్దదాన్ని, నోరెక్కువదాన్ని, నేనే చెబుతాను. బట్టల గది అలోయీజియా కూతుళ్ళమండీ, ఇద్దరమూ, అని.

టోపీ సరిచేసుకో. వస్తున్నాను.